చెమ్మ ఉన్న బేస్‌మెంటులో హోమ్ థియేటర్: అమ్మ కోసం కట్టిస్తున్నాను, ముందు ఏ పని చేయించాలి?

ఒంగోలు_హొరమావు (ప్రశ్న)

నమస్కారం. బెంగళూరు హొరమావులో ముప్పై–నలభై అడుగుల సైటులో కట్టిన ఇంటిని నిరుడు కొన్నాము. ఇంటి కింద ఒక బేస్‌మెంటు గది ఉంది. లోపలి కొలతలు 21 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు, 9 అడుగుల 6 అంగుళాల ఎత్తు. పాత యజమాని అందులో ఆఫీసు నడిపినందువల్ల గోడలకు పుట్టీ, పెయింటు, నేలకు విట్రిఫైడ్ టైల్స్, ఒక స్ప్లిట్ ఏసీ ముందే ఉన్నాయి. ఆ గదిని హోమ్ థియేటర్‌గా మార్చాలని ఆరు నెలలుగా అనుకుంటున్నాను.

దీనికి ముఖ్య కారణం మా అమ్మ. ఆవిడకు 71 ఏళ్ళు. మోకాలి ఆపరేషన్ తర్వాత ఒంగోలు వదిలి మా దగ్గరే ఉంటోంది. నాన్న ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ కొత్త సినిమా ఏది వచ్చినా వదలకుండా చూసేవారు. ఆయన పోయాక ఆవిడ హాలు మెట్లెక్కలేదు. ఇప్పుడు పాత నలుపు తెలుపు సినిమాలు టీవీలో చూస్తుంది కానీ, ఎడమ చెవి కాస్త మందం కావడంతో మాటలు అందక వాల్యూమ్ పెంచుతుంది, పాట మొదలవగానే భరించలేక తగ్గిస్తుంది. ఒక్క సినిమా అయినా రిమోట్ ముట్టుకోకుండా ఆవిడ హాయిగా చూడాలని నా కోరిక.

మొత్తం 9 లక్షల దాకా పెట్టగలను. ఒక డీలరు వచ్చి చూసి 7.1.4 స్పీకర్లు (చుట్టూ ఏడు, బాస్‌కు ఒకటి, పైన నాలుగు), 150 అంగుళాల తెర, ప్రొజెక్టరు, నాలుగు గోడల నిండా ఫోమ్ ప్యానెళ్ళు, రెండు వరుసల రిక్లైనర్లతో కొటేషన్ ఇచ్చారు. వీధి వైపు మూలలో నేలకు అడుగు ఎత్తున పెయింటు ఉబ్బి, గోకితే తెల్లటి పొడి రాలుతోంది. అది ప్యానెళ్ళ వెనక్కి వెళ్ళిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదని ఆయన అన్నారు. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఇప్పటికే ఇలాంటి గది కట్టించుకున్న వారు, ఏ పని తర్వాత ఏ పని చేయించాలో దయచేసి చెప్పగలరు.

పెన్నాతీరం (జవాబు)

మీ మనసు సరైన చోటే ఆగింది. ఆ ఉబ్బిన మూల సంగతి తేలేవరకు డీలరుకు ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకండి. రాలుతున్న తెల్లపొడి ఉప్పు. మట్టిలోనో గోడలోనో ఉన్న నీరు సిమెంటులోని లవణాలను కరిగించుకొని లోపలి ముఖానికి వచ్చి ఆరిపోతే, నీరు గాలిలో కలిసి ఉప్పు మిగులుతుంది. అంటే అక్కడ నీటి రాకపోకలు ఇప్పటికీ సాగుతున్నాయి. దాని మీద ప్యానెల్ బిగిస్తే తేమ ఆరే దారి మూసుకుపోయి, ప్యానెల్ వెనక బూజు పడుతుంది, చెక్క ఉంటే చెదలు కూడా వస్తాయి.

నేను ఇదే తప్పు చేసి నష్టపోయినవాణ్ణి. మాది సర్జాపుర రోడ్డు వైపు. 2022 సెప్టెంబరు మొదటి వారంలో బెళ్ళందూరు, యమలూరు ప్రాంతాల విల్లాల్లోకి నీళ్ళు వచ్చి జనాన్ని పడవల్లో, ట్రాక్టర్లలో తరలించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మా వీధిలోకి రాజకాలువ (ఊరి పెద్ద వాననీటి కాలువ) నీరు రాలేదు, గేటు దాటి చుక్క లోపలికి రాలేదు. అయినా రెండో రోజు రాత్రి బేస్‌మెంటులో నేలకూ గోడకూ మధ్య ఉన్న అతుకు వెంట సన్నగా నీరు ఊరింది. చుట్టూ మట్టి నానిపోయి, ఆ నీటి ఒత్తిడి కాంక్రీటు అతుకును వెతుక్కుంది. పొద్దున్నే దిగి చూసేసరికి తివాచీ అడుగుభాగం తడిసి ముద్దయింది, సబ్‌వూఫర్ (బాస్ స్పీకరు) పెట్టె కింది అంచు ప్లైవుడ్ పొరలు విప్పుకుంది. నేల మీదే పెట్టిన యాంప్లిఫయరు మళ్ళీ పని చేయలేదు. ఇల్లు కట్టిన కాంట్రాక్టరు బయటి వైపు వాటర్‌ప్రూఫింగ్ చేశానని చెప్పిన మాటను నేను పరీక్షించకుండా నమ్మాను.

అందుకని మీరు మూడు పరీక్షలు చేయండి. మొదటిది, ఒకటిన్నర అడుగుల చదరంలో మందపాటి పాలిథీన్ షీటును ఆ మూలలో పెయింటు గోకేసిన గోడ మీద ఒకటి, బాగున్నట్లు కనిపించే గోడ మీద ఒకటి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అతికించి ఒక పూర్తి రోజు ఉంచండి. విప్పినప్పుడు షీటు లోపలి వైపు నీటి బిందువులు ఉంటే తేమ గోడలోంచి వస్తున్నట్లే. బయటి వైపే తడి ఉంటే అది గదిలోని గాలి తేమ, దానికి డీహ్యూమిడిఫయరు (గాలిలోని తేమను లాగే యంత్రం) చాలు.

రెండోది బెంగళూరు ఇళ్ళలో చాలామంది మరిచిపోయేది. మీ నీళ్ళ సంపు ఎక్కడుంది? ముప్పై–నలభై సైట్లలో సంపును సాధారణంగా వీధి వైపే, గేటు దగ్గర తవ్వుతారు. మీ చెమ్మ మూల కూడా వీధి వైపే అన్నారు. సంపు గోడ పగిలి ఉంటే వాన లేకపోయినా ఏడాది పొడవునా మీ బేస్‌మెంటు గోడకు నీరు అందుతూనే ఉంటుంది. రాత్రి పడుకునే ముందు సంపులోకి వచ్చే నీటిని ఆపి, మోటారు ఆపి, మూతమీద నుంచి నీటి మట్టం దాకా స్టీలు టేపుతో కొలిచి రాసుకోండి. పొద్దున్నే మళ్ళీ అదే చోటు నుంచి కొలవండి. మూత వేసిన సంపులో ఆవిరయ్యే నీరు లెక్కలోకి రాదు, కాబట్టి మట్టం దిగితే అది కారినట్లే.

మూడోది, బేస్‌మెంటు నేలలో డ్రైనేజీ జాలీ ఉంటే అది ఎక్కడ కలుస్తుందో చూడండి. వీధి మోరీ నిండితే నీరు అదే గొట్టంలో వెనక్కి తంతుంది. అక్కడ నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి.

నీరు మట్టిలోంచే వస్తోందని తేలితే బయటి నుంచి తవ్వి చేసే వాటర్‌ప్రూఫింగే మేలు. పక్కింటి గోడ అడ్డమై అది కుదరని చోట, లోపలి వైపు నుంచి పగుళ్ళలోకి పాలీయురిథేన్ ఇంజెక్షన్, దాని మీద కాంక్రీటు రంధ్రాల్లో స్ఫటికాలుగా పెరిగే సిమెంటు పూత వేయిస్తారు. మామూలు వాటర్‌ప్రూఫ్ పెయింటును లోపలి వైపు వేస్తే వెనక నుంచి నీరు నెట్టి పెచ్చులుగా ఊడదీస్తుంది. నేను రెండోసారి గోడ అంచు వెంట సన్నటి కాలువ తీయించి, చివర ఒక గుంటలో నీటి మట్టం పెరగగానే తనంతట తాను నడిచేలా ఫ్లోట్ స్విచ్ ఉన్న పంపు పెట్టించాను. దాన్ని ఇన్వర్టరు లైనుకు కలపడం ముఖ్యం, ఎందుకంటే జోరువానలోనే కరెంటు పోతుంది.

శ్రుతిపేటిక (జవాబు)

పెన్నాతీరం గారు చెప్పినదంతా అయ్యాక చేయవలసిన పని గురించి రాస్తున్నాను. నేను పదేళ్ళుగా రికార్డింగ్ గదుల పనిలో ఉన్నాను. మీ డీలరు ఇచ్చిన కొటేషన్‌లో నాకు కష్టం కలిగించింది నాలుగు గోడల నిండా ఫోమ్ అన్న మాట.

శబ్దం బయటికి పోకుండా ఆపడం వేరు, గదిలో శబ్దాన్ని చక్కబెట్టడం వేరు. ఫోమ్ మొదటి పని అసలు చేయదు, రెండోది సగమే చేస్తుంది. శబ్దాన్ని ఆపేది బరువు, గాలి చొరని బిగువు, రెండు పొరలు ఒకదానికొకటి తగలకుండా ఉండడం. మీ గది గోడల వెనక మట్టి ఉంది కాబట్టి గోడల సంగతి వదిలేయవచ్చు. శబ్దం పోయే దారులు రెండే: పైకప్పు స్లాబు, మెట్ల తలుపు. స్లాబు కింద రబ్బరు హ్యాంగర్లకు వేలాడే ఫ్రేము, అందులో 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతి ఉన్ని), దాని కింద 12.5 మిల్లీమీటర్ల జిప్సమ్ బోర్డు రెండు పొరలు, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా బిగిస్తే పైన హాలులో ఉన్నవారికి ఇబ్బంది ఉండదు. ఆ సీలింగుకు అందం కోసం ఇరవై లైట్లు గుచ్చితే పెట్టిన ఖర్చంతా ఆ రంధ్రాల్లోంచి పోతుంది. ఒక గోడ ఎంత మందమైనదైనా, దాని వైశాల్యంలో నూరో వంతు తెరిచి ఉంటే అది 20 డెసిబెళ్ళకు మించి ఆపలేదు. తలుపు కూడా అంతే. లోపల బోలుగా ఉండే తలుపు తీసేసి గట్టి చెక్క నిండిన ఫ్లష్ డోర్, చుట్టూ రబ్బరు సీలు, కింద తలుపు మూసినప్పుడు దిగే పట్టీ పెట్టించండి.

ఇప్పుడు గది లోపలి సంగతి. ఖాళీ గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. నున్నటి పుట్టీ గోడల మధ్య, టైల్స్ నేల మీద ఆ చప్పుడు తెగకుండా గిరగిరమని రెండు గోడల మధ్య తిరుగుతూ వినిపిస్తుంది. మీ అమ్మగారికి మాటలు అందకపోవడానికి చెవి మాత్రమే కారణం కాదు. స్పీకరు నుంచి నేరుగా వచ్చిన అక్షరం మీద గోడకు తగిలి వచ్చిన అదే అక్షరం పడి దాన్ని మసకబారుస్తుంది. చెవి బాగున్నవాళ్ళం ఊహించుకొని సర్దుకుంటాం, ఆవిడ సర్దుకోలేరు. కాబట్టి ఈ గదిలో పెట్టే ప్రతి రూపాయీ ముందుగా మాటల స్పష్టతకే పోవాలి.

అమ్మగారు కూర్చునే కుర్చీలో మీరు కూర్చోండి. ఇంకొకరిని అరచేతి వెడల్పు అద్దం పట్టుకొని పక్క గోడ వెంట, మీ చెవి ఎత్తులో మెల్లగా జరపమనండి. అద్దంలో ముందు స్పీకరు ఎక్కడ కనిపిస్తే అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఎడమ గోడ, కుడి గోడ రెండింటి మీదా తెర వైపు ఉండే మూడు స్పీకర్లకూ (ఎడమ, మధ్య, కుడి) గుర్తులు పెట్టాక, ఆ చోట్ల మాత్రం 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్‌ను గుడ్డతో కప్పిన ప్యానెళ్ళు బిగించండి. నేల మీద మందపాటి తివాచీ, సీలింగులో అదే లెక్కన రెండు ప్యానెళ్ళు చాలు. నాలుగు గోడలూ కప్పేస్తే పైశ్రుతులు మాత్రమే చచ్చి గది మూసుకుపోయినట్లు, ఊపిరాడనట్లు తయారవుతుంది.

కింది శ్రుతుల (బాస్) లెక్క వేరు. 565ను అడుగుల్లో గది కొలతతో భాగిస్తే ఆ వైపు గది తనంతట తాను మోగే మొదటి శ్రుతి వస్తుంది. మీ 21 అడుగులకు 27 హెర్ట్జ్, 13 అడుగులకు 43, ఎత్తుకు 59. 43 హెర్ట్జ్ అల ఒక్కొక్కటి 26 అడుగుల పొడవు ఉంటుంది. రెండంగుళాల ఫోమ్ దాన్ని ఏమీ చేయలేదు. దానికి మందు సబ్‌వూఫర్ల సంఖ్య, వాటిని పెట్టే చోటు. హర్మన్ సంస్థలో టాడ్ వెల్టీ 2002లో చేసిన అధ్యయనంలో ఎదురెదురు గోడల మధ్య బిందువుల దగ్గర పెట్టిన రెండు సబ్‌వూఫర్లు చాలా కుర్చీలకు ఒకే తీరు బాస్ ఇచ్చాయి. కాబట్టి ఒక పెద్దది కొనే డబ్బుతో రెండు మధ్యరకంవి కొనండి. కుర్చీని గది సరిగ్గా సగంలో గానీ, వెనక గోడకు ఆనించి గానీ వేయకండి. సగంలో 27 హెర్ట్జ్ మాయమవుతుంది, గోడ దగ్గర అన్నీ ఉబ్బుతాయి.

7.1.4 మీ గదికి ఎక్కువ. ఒకే వరుస వేసుకొని 5.1.2తో మొదలుపెట్టండి, మరో నాలుగు స్పీకర్లకు తీగలు మాత్రం ఇప్పుడే లాగి ఉంచండి. మిగిలిన డబ్బు మధ్య స్పీకరు మీద పెట్టండి, సినిమాలో మాటల్లో ఎక్కువ భాగం దాని నుంచే వస్తుంది. ఇంకొక మాట. అమ్మగారు చూసే నలుపు తెలుపు సినిమాల శబ్దం మోనో, అంటే ఒకే ధార. రిసీవరులో (స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే పెట్టె) సరౌండ్ మోడ్‌లన్నీ ఆపేసి ఆ ఒక్క ధారను మధ్య స్పీకరుకే పంపే అమరిక పెట్టి ఒక మీటకు కేటాయించండి. గొంతు తెర మీద మనిషి నోటి నుంచే వచ్చినట్లు ఉంటుంది.

వెండితెర_వైట్‌ఫీల్డ్ (జవాబు)

శబ్దం గురించి పై మిత్రులతో నాకు పేచీ లేదు. తెర మాత్రం 150 అంగుళాలు వద్దు. సినిమా గదుల లెక్కలో తెర వెడల్పు మన కంటికి ఇంచుమించు 40 డిగ్రీల కోణంలో ఉంటే బాగుంటుందని అంటారు. తెర అంగుళాలు మూల నుంచి మూలకు కొలత, కాబట్టి 120 అంగుళాల తెర వెడల్పు 8 అడుగుల 8 అంగుళాలు. దానికి 12 అడుగుల దూరంలో కూర్చుంటే సరిగ్గా 40 డిగ్రీలు వస్తుంది. మీ 21 అడుగుల గదిలో ఆ చోటు సగానికి కొంచెం వెనక, అంటే శ్రుతిపేటిక గారు చెప్పిన దానికీ సరిపోతుంది. అదే దూరం నుంచి 150 అంగుళాలు చూస్తే అమ్మగారు మెడ తిప్పుతూ చూడాలి. పైగా వైశాల్యం ఒకటిన్నర రెట్లు కావడంతో అదే ప్రొజెక్టరు వెలుగు అంత పలచబడుతుంది.

తెర ఆకారం గురించి కూడా ఆలోచించండి. కొత్త తెలుగు సినిమాలు ఎక్కువగా స్కోప్‌లో (బాగా వెడల్పైన బొమ్మ) వస్తాయి కాబట్టి కొందరు స్కోప్ తెర కొనమంటారు. కానీ 1950ల నాటి సినిమాలు దాదాపు చదరపు తెరకు తీసినవి. 120 అంగుళాల మామూలు తెర మీద ఆ బొమ్మ ఆరున్నర అడుగుల వెడల్పున వస్తుంది. అంతే వెడల్పు ఉన్న స్కోప్ తెర మీద అయిదడుగులకు కుదించుకుపోతుంది. మీ ఇంట్లో ఎక్కువ ఆడేది ఏ సినిమాలో మీరే చెప్పారు కాబట్టి మామూలు 16:9 తెరే తీసుకోండి.

ప్రొజెక్టరు వద్దు, పెద్ద టీవీ పెట్టేస్తాను అనుకుంటే ముందు మెట్ల మలుపు కొలవండి. 98 అంగుళాల టీవీ ఒక్కటే ఏడడుగులకు పైగా పొడవు ఉంటుంది, దాని పెట్టె ఇంకా పెద్దది, పైగా దాన్ని పడుకోబెట్టి తీసుకురాకూడదు. మా కాలనీలో ఒకరి టీవీ మెట్ల మలుపు తిరగక నాలుగు రోజులు వరండాలోనే ఉండి వెనక్కి వెళ్ళింది. రిక్లైనర్లకూ ఇదే కొలత అవసరం. ప్రొజెక్టరు అయితే లేజరుది తీసుకోండి, ల్యాంపులు మూడు నాలుగు వేల గంటలకు మార్చాలి, లేజరు ఇరవై వేల గంటల దాకా వస్తుందని తయారీదారులు చెబుతారు. సీలింగుకు, తెర పక్క గోడలకు మెరుపు లేని ముదురు రంగు వేయించండి. తెల్లటి సీలింగు తెర వెలుగును తిరిగి తెర మీదకే చల్లి నలుపును బూడిద రంగు చేస్తుంది. ఈ ఒక్క పనికి కొన్ని వేలు ఖర్చవుతాయి, లక్షల ప్రొజెక్టరు చేసినంత మేలు చేస్తుంది.

తీగల విషయంలో తొందరపడకండి. ఇళ్ళలో ఎలక్ట్రీషియన్లు వేసే 25 మిల్లీమీటర్ల పైపులో హెచ్‌డీఎమ్‌ఐ (బొమ్మనూ శబ్దాన్నీ మోసే తీగ) తల దూరదు. రెండంగుళాల పైపు, మలుపుల దగ్గర మోచేయి కాకుండా నిదానమైన వంపు, లోపల ఒక నైలాన్ తాడు వదిలిపెట్టించండి. ప్రొజెక్టరు దాకా 12 మీటర్లు అవుతుంది, అంత దూరానికి మామూలు రాగి తీగ 4కే బొమ్మను మోయలేక మిణుకుమంటుంది. ఆప్టికల్ ఫైబరు హెచ్‌డీఎమ్‌ఐ తీసుకోండి. దానికి ఒక చివర ప్లేయరుకు, రెండో చివర తెరకు అని రాసి ఉంటుంది, తిరగేసి లాగితే మళ్ళీ మొత్తం బయటికి తీయవలసిందే. గోడ మూసేముందు కలిపి చూడండి. స్పీకరు తీగ 14 గేజిది చాలు, బెంగళూరు ఎస్పీ రోడ్డు బజారులో చుట్టగా కొంటే చవక. కరెంటు తీగలతో అడుగు ఎడం ఉంచండి, దాటవలసిన చోట అడ్డంగా దాటించండి. ప్లేయరు, రిసీవరు, ప్రొజెక్టరు, సబ్‌వూఫర్లు అన్నీ ఒకే ఎర్తింగుకు చేరాలి, లేకపోతే స్పీకర్లలో 50 హెర్ట్జ్ గీ అనే శబ్దం పోదు. చెమ్మ చరిత్ర ఉన్న గది కాబట్టి ఆ లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే లైనును వెంటనే తెంచే స్విచ్) తప్పకుండా పెట్టించండి. ఇది ప్రాణాలకు సంబంధించినది.

కెంగేరి_కోడలు (జవాబు)

అందరూ గది గురించి చెప్పారు. నేను మెట్ల గురించి అడగాలనుకుంటున్నాను. మోకాలి ఆపరేషన్ అయిన అమ్మగారు ఆ మెట్లు దిగగలరా? దిగినా, మూడు గంటలు కూర్చుని లేచాక ఎక్కగలరా? మా అత్తగారికి రెండు మోకాళ్ళూ మార్చాక మేము కూడా కింది గదిలో టీవీ పెట్టాము. రెండు నెలల్లో ఆవిడ కిందికి రావడం మానేశారు. ఎందుకని అడిగితే, ఎక్కేటప్పుడు ఒక పక్కే పట్టుకోవడానికి ఉంది అని మెల్లగా చెప్పారు. రెండో పక్క గోడకు గుండ్రటి చెక్క రెయిలింగు పెట్టించాము, ఒక్కొక్క మెట్టు అంచుకు తెల్లటి గరుకు పట్టీ వేయించాము, మలుపు దగ్గర ఒక చిన్న ముక్కాలి పీట ఉంచాము. ఇప్పుడు వారానికి రెండుసార్లు వస్తున్నారు.

రెండో వరుస కోసం ఎత్తు వేదిక వేయించవద్దని నా మనవి. చీకట్లో ఆ అడుగు మెట్టు కనిపించదు. రిక్లైనర్ల బదులు అమ్మగారికి సీటు కాస్త ఎత్తుగా, రెండు పక్కలా గట్టి చేతులు ఉన్న కుర్చీ వేయండి, చేతులు ఊని లేవగలగాలి.

ఇంకొకటి గాలి. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరుస్తుంది కానీ కొత్త గాలి తేదు. తలుపుకు రబ్బరు సీలు వేసి ఆరుగురు కూర్చుంటే ఇంటర్వెల్ వేళకు తల బరువెక్కుతుంది. బయటి గాలిని లోపలికి తెచ్చే చిన్న డక్టు ఫ్యాను ఒకటి, లోపలి గాలిని బయటికి పంపేది ఒకటి, డక్టు లోపల శబ్దాన్ని పీల్చే పొరతో, రెండు మలుపులతో పెట్టిస్తే చప్పుడు రాదు. గది ఒకే తలుపు ఉన్నది కాబట్టి పొగ అలారం, మెట్ల మీద కరెంటు పోతే వెలిగే లైటు ఉండాలి. మామూలు ఫోమ్ అంటుకుంటే విషపు పొగ వస్తుంది. రాక్‌వూల్ మండదు. నాకైతే ఆ ఒక్క కారణం చాలు.

ఒంగోలు_హొరమావు (ప్రశ్నించినవారు)

మీ అందరికీ చేతులెత్తి నమస్కారం. ఈ వారం రోజుల్లో చేసినవి చెబుతాను.

పాలిథీన్ షీటు బాగున్న గోడ మీద పొడిగానే ఉంది. చెమ్మ మూలలో విప్పేసరికి లోపలి వైపు వేలితో రాయగలిగినంత నీరు పట్టింది. మా సంపు 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, గేటు పక్కనే ఉంది. రాత్రి తొమ్మిదికి నీళ్ళు ఆపి కొలిచాను, పొద్దున్న తొమ్మిదికి మళ్ళీ కొలిస్తే 11 మిల్లీమీటర్లు దిగింది. లెక్క వేస్తే పన్నెండు గంటల్లో ఇంచుమించు 49 లీటర్లు. మర్నాడు మళ్ళీ చేశాను, అదే లెక్క వచ్చింది. నిరుటి నుంచి మేము ట్యాంకరు నీళ్ళు కొంటున్నాము, అందులో రోజుకు దాదాపు వంద లీటర్లు గోడకు తాగిస్తున్నామని తెలియలేదు.

డీలరు కొటేషన్ వద్దని చెప్పేశాను. ఒకే వరుస, 120 అంగుళాల తెర, 5.1.2, రెండు సబ్‌వూఫర్లు అని తీర్మానించుకున్నాను. మెట్ల గురించి అమ్మను అడిగాను. నేను ఎప్పుడూ అడగలేదని అప్పుడే గుర్తించాను. పధ్నాలుగు మెట్లు, దిగడం ఫర్వాలేదు, ఎక్కేటప్పుడు ఎడమ చేతికి పట్టు కావాలంది. నిన్న వడ్రంగి వచ్చి ఆవిడ చేతిని మెట్ల మీద పెట్టించి ఎత్తు కొలుచుకొని వెళ్ళాడు. థియేటర్ పనిలో మొదట పూర్తయ్యేది ఆ రెయిలింగే.

ప్లంబరు సంపును ఖాళీ చేసి లోపల పూత వేస్తానంటున్నాడు. ఆ నీళ్ళే వంటకు కూడా వాడతాము. ఏ పూత వేయించాలి, ఆ తర్వాత గోడ పని ఎప్పుడు మొదలుపెట్టవచ్చు?

పెన్నాతీరం (జవాబు)

తాగునీటి ట్యాంకులకు పనికివస్తుందని డబ్బా మీద రాసి ఉన్న సిమెంటు పూతే వేయించండి, ఆ డబ్బా మీ కళ్ళ ముందే విప్పించండి. నేలకూ గోడకూ కలిసే మూలలను ముందుగా గుండ్రంగా పూడ్పించి, ఆ తర్వాత రెండు పూతలు, ఒకదానికొకటి అడ్డంగా వేయించాలి. డబ్బా మీద చెప్పినన్ని రోజులు ఆరనిచ్చి, మొదటిసారి నింపిన నీటిని పారబోసి, మళ్ళీ నింపి అదే టేపు పరీక్ష వరసగా మూడు రాత్రులు చేయండి.

బేస్‌మెంటు మూలలో ఉబ్బిన పెయింటు, పుట్టీ మొత్తం సిమెంటు కనిపించేదాకా గోకించండి. ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి చేటలోకి ఎత్తండి, నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. తర్వాత తడి ఎంతవరకు ఉందో దాని అంచు వెంట పెన్సిలుతో గీత గీసి పక్కనే తేదీ రాయండి. వారానికోసారి కొత్త గీత గీయండి. సంపు ఒక్కటే కారణమైతే గీతలు లోపలికి కుదించుకుంటూ పోతాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా వానల్లో ఒక్క గీత కూడా బయటికి జరగకపోతే, నవంబరులో సీలింగు పని వాళ్ళను పిలవండి. ఈలోగా రెయిలింగు, పైపులు, తలుపు పనులు నిశ్చింతగా చేయించుకోవచ్చు.